తినే వంతు ఎవరిది? ఒక విలేకరి పుస్తకాల్లో ఆఫ్రికా రాజకీయం

కెన్యా రాజకీయాల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "ఇప్పుడు తినే వంతు మాది." దీనికి అర్థం తెలుగువాళ్లకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. రోడ్డు డబ్బులు తినేశాడంటాం, లంచాలు మేస్తున్నాడంటాం, చెరువు భూమి మింగేశారంటాం. స్వాహిలీలో 'కులా' అంటే తినడం. లంచం అని నోరు తెరిచి అనలేని చోట అక్కడివాళ్లు 'కిటు కిడోగో' అంటారు, అంటే చిన్న వస్తువు. మనం ఆమ్యామ్యా అన్నట్టే. ఖండానికి అవతలి వైపున్న కామెరూన్‌లో ఒక సామెత ఉంది: మేకను ఎక్కడ కట్టేస్తే అక్కడే మేస్తుంది. కుర్చీ దొరికినవాడు ఆ కుర్చీ చుట్టూ ఉన్నది మేస్తాడు, అందులో వింతేముంది అని దాని భావం.

బ్రిటిష్ విలేకరి మికేలా రాంగ్ 2009లో కెన్యా మీద రాసిన పుస్తకానికి ఆ మాటనే పేరుగా పెట్టారు: 'ఇట్స్ అవర్ టర్న్ టు ఈట్'. ఆమె 1980ల మొదట్లో రాయిటర్స్ వార్తాసంస్థలో చేరారు. ఇటలీ, ఫ్రాన్స్, ఐవరీ కోస్ట్‌లలో పనిచేశారు. 1994లో ఫ్రీలాన్సర్‌గా జైరే వెళ్లారు, అంటే ఇప్పటి కాంగో. రువాండా మారణహోమాన్ని, జైరే నియంత మొబుటు చివరి రోజులను బీబీసీకి, రాయిటర్స్‌కి అక్కడినుంచే రిపోర్ట్ చేశారు. తర్వాత కెన్యాకి మారి నాలుగేళ్లు ఫైనాన్షియల్ టైమ్స్‌కి రాశారు. ఆపైన పుస్తకాలు: 2000లో కాంగో మీద, 2005లో ఎరిత్రియా మీద, 2009లో కెన్యా మీద, 2021లో రువాండా మీద. మధ్యలో ఒక నవల.

మన పేపర్లలో ఆఫ్రికా వార్త ఎక్కువగా విదేశీ ఏజెన్సీల నుంచే వస్తుంది. కుట్ర జరిగింది, కరువు వచ్చింది, నియంత పారిపోయాడు. నాలుగు పేరాలు, ఒక ఫొటో. చదివినవాడికి మిగిలేది ఒక్కటే: అక్కడి నాయకులు దోచుకుంటారు, జనం చస్తారు. ఏజెన్సీలో ఉన్నన్నాళ్లు రాంగ్ రాసిందీ ఆ కొలతలోనే. పుస్తకాల్లోకి వచ్చాక ఆమె అడిగిన ప్రశ్నలు మారాయి. తిన్నదెవరో సరే, వడ్డించింది ఎవరు? అదే పంక్తిలో పక్కన కూర్చున్నది ఎవరు? చూసి కళ్లు మూసుకున్నది ఎవరు? ఆ మూడో ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు విలేకరుల్ని, వాళ్లలో తనని కూడా ఆమె లెక్కలో వేశారు. ఆమె నాలుగు పుస్తకాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించేది అదే. అక్కడికి వెళ్లాలంటే ముందు కెన్యా అర్థం కావాలి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని మనకో సామెత. స్వాతంత్ర్యం తర్వాతి కెన్యా రాజకీయాన్ని ఇంతకన్నా తక్కువ మాటల్లో చెప్పడం కష్టం. 1963లో స్వాతంత్ర్యం వచ్చింది. నాయకుడు జోమో కెన్యాట్టా, కికుయు తెగవాడు. తెల్ల రైతులు వదిలిపోయిన మంచి భూముల్లో పెద్ద వాటా ఆ తెగ పెద్దల చేతికి పోయింది. 1978లో ఆయన చనిపోయాక డేనియల్ అరప్ మొయి వచ్చారు, కలెంజిన్ తెగ. 24 ఏళ్లు పాలించారు. ఉద్యోగాలు, కాంట్రాక్టులు, బ్యాంకు అప్పులు అటు తిరిగాయి. తన తెగ మనిషి పైన ఉంటే ఊరికి రోడ్డు వస్తుంది, కొడుక్కి ఉద్యోగం వస్తుంది. లేకపోతే రావు. ఈ లెక్క తెలిసిన పేదవాడు కూడా తన తెగ దొంగనే గెలిపిస్తాడు. అవతలి తెగ దొంగ గెలిస్తే మెతుకు కూడా రాలదని అతనికి అనుభవం మీద తెలుసు.

ఇది ఆఫ్రికావాళ్ల రక్తంలోనే ఉందని తేల్చేయడం తేలిక. అది నిజం కాదు. జిల్లాల్ని తెగల వారీగా గీసింది బ్రిటిష్ పాలకులు. మంచి భూముల్ని 'తెల్లవాళ్ల ఎత్తు భూములు' అని విడగొట్టి నల్లవాళ్లని రిజర్వుల్లోకి తోసింది వాళ్లే. తమ పాలన మీద లేచిన మౌ మౌ తిరుగుబాటును అణిచాక, 1955 నుంచి ఆఫ్రికన్లు రాజకీయ సంఘాలు పెట్టుకోవచ్చన్నారు, కానీ జిల్లా స్థాయిలో మాత్రమే. దేశమంతా ఒక పార్టీ పెట్టడానికి వీల్లేదు. జిల్లా అంటే తెగ అయినప్పుడు, జిల్లా పార్టీ అంటే తెగ పార్టీయే కదా. స్వాతంత్ర్యానికి ఎనిమిదేళ్ల ముందే విస్తళ్లు తెగల వారీగా వేసేశారన్నమాట.

2002 డిసెంబర్ ఎన్నికల్లో మొయి పార్టీ ఓడిపోయింది. కారు ప్రమాదంలో గాయపడిన మ్వాయి కిబాకి నైరోబీలోని ఉహురు పార్కులో చక్రాల కుర్చీలోనే ప్రమాణం చేశారు. అవినీతిని ఊడ్చేస్తానని మాటిచ్చారు. జనం నమ్మారు. మటాటూలంటే మన షేర్ ఆటోల్లా తిరిగే వ్యాన్లు. వాటిని ఆపి మామూళ్లు అడిగే ట్రాఫిక్ పోలీసుల్ని ఆ రోజుల్లో ప్రయాణికులే కిందకి దిగి నిలదీశారు. ఆ ఊపులోనే, 2003 జనవరిలో, కిబాకి జాన్ గిథోంగోను అవినీతి నిరోధక వ్యవహారాలకి పర్మనెంట్ సెక్రటరీగా వేశారు. గిథోంగో అంతకుముందు జర్నలిస్టు, అవినీతి మీద పోరాడే ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ సంస్థ కెన్యా శాఖకి అధిపతి. అప్పటికి నలభై నిండలేదు. ఆఫీసు అధ్యక్ష భవనంలోనే ఇచ్చారు.

తర్వాత జరిగింది తెలియాలంటే పాస్‌పోర్టుల కాంట్రాక్టును దగ్గర్నుంచి చూడాలి. కెన్యాకి కొత్త పాస్‌పోర్టులు ముద్రించే యంత్రాలు కావాలి. ఒక ఫ్రెంచ్ కంపెనీ దాదాపు 60 లక్షల యూరోలకి చేసిపెడతానంది. కానీ కాంట్రాక్టు ఆంగ్లో లీజింగ్ అనే కంపెనీకి వెళ్లింది, 3 కోట్ల యూరోలకి. ఆ కంపెనీ ఆ పనిని మళ్లీ అదే ఫ్రెంచ్ కంపెనీకి అప్పజెప్పాలని ప్లాన్. వండేది పాత వంటవాడే, మధ్యలో ఒకడు నిలబడి విస్తరికి ఐదు రెట్లు వసూలు చేస్తాడు. బహిరంగ టెండరు లేదు. దేశ భద్రతకి సంబంధించిన పని అని ముద్ర వేస్తే పార్లమెంటు అడగదు, పేపర్లు అడగవు. ఆంగ్లో లీజింగ్ ఎక్కడుందని వెతికితే ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ఒక చిరునామా తేలింది. దాని వెనక నిజమైన కంపెనీ కనిపించలేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది, అది ఈ వ్యాసం చివర్లో మళ్లీ వస్తుంది. ఈ కాంట్రాక్టుల్లో ప్రభుత్వం ప్రామిసరీ నోట్లు రాసిచ్చింది. మేమే పెట్టుబడి పెడతాం, మీరు వాయిదాల్లో కట్టండని కంపెనీ అంటుంది. ప్రభుత్వం నోటు రాసిస్తుంది. పని జరిగినా జరగకపోయినా నోటు నోటే. దాన్ని పట్టుకుని విదేశీ కోర్టుకి వెళ్లి డబ్బు రాబట్టవచ్చు. ఊళ్లో ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం పెట్టి ఇరుక్కున్నవాళ్లని మనం చూశాం. ఇక్కడ సంతకం పెట్టింది ఒక దేశం. ఇలాంటి కాంట్రాక్టులు మొత్తం 18 అని తేలింది, విలువ 77 కోట్ల డాలర్ల దాకా. చాలావరకు మొయి కాలంలో మొదలైనవి. ప్రభుత్వం మారినా ఆగలేదు.

2004లో విషయం బయటపడగానే ఆ కంపెనీ తీసుకున్న అడ్వాన్సు వెనక్కి పంపింది. మామూలు మోసగాడు ఆ పని చేయడు, పారిపోతాడు. డబ్బు వెనక్కి వచ్చిందంటే పంపినవాడు దగ్గర్లోనే ఉన్నాడు, గొడవ చల్లారాలని కోరుకుంటున్నాడు. కంపెనీ వెనక ఉన్నది మనవాళ్లేనని తన సహచర మంత్రులే తనతో ఒప్పుకున్నారని గిథోంగో తర్వాత ఆరోపించారు. ఆ మంత్రులు కాదన్నారు. ఆయన సంభాషణలు రహస్యంగా రికార్డు చేయడం మొదలుపెట్టారు.

కిబాకి కికుయు, గిథోంగో కూడా కికుయుయే. కిబాకి చుట్టూ ఉన్న వర్గానికి అది మింగుడుపడలేదు. అవతలి తెగవాడు తవ్వితే రాజకీయం అనుకోవచ్చు, మనవాడే తవ్వితే ద్రోహం. 24 ఏళ్లు పస్తులున్నాక ఇప్పుడేగా విస్తరి ముందు కూర్చున్నామనే భావన వాళ్లది. 2005 ఫిబ్రవరిలో గిథోంగో లండన్ వెళ్లి అక్కడినుంచి రాజీనామా పంపారు. దిగింది మికేలా రాంగ్ ఫ్లాట్‌లో. నైరోబీలో విలేకరిగా ఉన్నప్పటి స్నేహం.

ఇక్కడ విలేకరి ధర్మం చిక్కులో పడుతుంది. కథలో ముఖ్య పాత్ర తన ఇంట్లో ఉంటే కథని నిష్పక్షపాతంగా రాయగలరా? రాంగ్ ఆ సంగతిని దాచకుండా పాఠకుడి ముందు పెట్టారు. గిథోంగోలోని దాపరికాన్ని, తడబాటును కూడా రాశారు. ఇది సరిపోతుందా అని అడిగేవాళ్లు ఉన్నారు, అడగాలి కూడా. నా మటుకు నాకు, స్నేహాన్ని దాచి దూరం నటించే రచన కంటే ఇది మేలనిపిస్తుంది.

ఆ ఏడాదే, 2005 జూలైలో, బ్రిటన్ గ్లెన్‌ఈగిల్స్‌లో జీ8 సమావేశం జరిపింది. ఆఫ్రికాకి సాయం రెట్టింపు చేస్తామని పెద్ద దేశాలు ప్రకటించాయి. సాయం ఎంత పంచారన్నది గొప్పగా చెప్పుకోవలసిన ఏడాదిలో, పంచిన డబ్బు ఎక్కడికి పోతోందో చెప్పే మనిషి ఎవరికీ అవసరం లేకపోయాడు. అంతకుముందు 2004లో నైరోబీలోని బ్రిటిష్ హైకమిషనర్ ఎడ్వర్డ్ క్లే, మంత్రులు తిండిపోతుల్లా తిని మా బూట్ల మీద కక్కుతున్నారని బ్రిటిష్ వ్యాపారుల సభలో అన్నారు. ఆ మాటకి గగ్గోలు లేచింది. కానీ సాయం చేసే సంస్థల తీరు ఆ మాటతో మారలేదని రాంగ్ వివరంగా రాశారు. దాతల ఆఫీసుల్లో ప్రమోషన్ వచ్చేది బడ్జెట్ ఖర్చు పెట్టినందుకు. ఆపినందుకు ఎవరూ వెన్ను తట్టరు.

2007 డిసెంబర్ 27 ఎన్నికల్లో కిబాకి గెలిచారని ప్రకటించగానే దేశం మండింది. రెండు నెలల్లో 1,100 మందికి పైగా చనిపోయారు. లక్షల మంది ఇళ్లు వదిలారు. రిఫ్ట్ వ్యాలీలో కికుయుల ఇళ్లు తగలబెట్టారు, తర్వాత కికుయు గుంపులు అవతలి తెగల మీద పడ్డాయి. బయటివాళ్ల పత్రికలు పాత తెగల పగలు అని రాశాయి. రాంగ్ వాదన వేరు: తెగల మధ్య పగ పెట్టుబడి లేకుండా పెరగదు. అయిదేళ్ల పాటు ఒకే పంక్తికి వడ్డన జరగడం కళ్లారా చూసిన వాళ్ల కోపం అది. పాస్‌పోర్టు కాంట్రాక్టుకీ రిఫ్ట్ వ్యాలీలో మంటకీ మధ్య దారం కనిపించేలా రాయగలగడం ఆ పుస్తకం బలం.

పుస్తకం వచ్చినప్పుడు నైరోబీలో షాపులు అమ్మడానికి భయపడ్డాయి. అంతకుముందు ఒక పుస్తకాన్ని అమ్మినందుకు షాపుల మీదే పరువు నష్టం దావా వేసి గెలిచిన మంత్రి ఉన్నాడు మరి. అయినా చర్చిల ద్వారా, స్వచ్ఛంద సంస్థల ద్వారా, ట్రాఫిక్‌లో తిరిగి అమ్మే కుర్రాళ్ల ద్వారా చేతులు మారింది.

కాంగో పుస్తకంలో దారి వేరు. 'ఇన్ ది ఫుట్‌స్టెప్స్ ఆఫ్ మిస్టర్ కర్ట్జ్' పేరులోని కర్ట్జ్, బెల్జియం రాజు లియోపోల్డ్ కాలపు కాంగో మీద జోసెఫ్ కాన్రాడ్ రాసిన నవలలోని పాత్ర. ఆ నవలను పట్టుకుని ఆఫ్రికా చీకటి ఖండం అనేవాళ్లు ఎక్కువ. చీకటి వచ్చింది యూరప్ నుంచి అని రాంగ్ చదువుతారు. లియోపోల్డ్ 1885 నుంచి 1908 దాకా ఆ దేశాన్ని సొంత ఆస్తిగా ఉంచుకుని రబ్బరు, దంతాలు పిండుకున్నాడు. దేశం అంటే పిండుకునేది అని మొదట నేర్పింది ఆయనే. 1960లో స్వాతంత్ర్యం వచ్చింది. ఎన్నికైన ప్రధాని లుముంబాను 1961 జనవరిలో చంపేశారు. 1965లో మొబుటు అధికారం పట్టాడు. అమెరికాకి కమ్యూనిస్టు వ్యతిరేకి కావాలి, మొబుటు ఆ పాత్ర ఏళ్ల తరబడి పోషించాడు.

కంచే చేను మేస్తే కాపేమి చేయగలడు అంటాం. మొబుటు విషయంలో అడగాల్సింది ఇంకోటి: ఆ కంచెకి నీళ్లు పోసింది ఎవరు? 1978లో అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) ఎర్విన్ బ్లూమెంథాల్ అనే జర్మన్ బ్యాంకర్‌ను జైరే కేంద్ర బ్యాంకులో కూర్చోబెట్టింది, లెక్కలు చక్కబెట్టడానికి. అధ్యక్షుడి మనుషులు బ్యాంకుని సొంత బీరువాలా వాడుకోవడం ఆయన చూశాడు. ఏడాది తిరిగేసరికి వదిలేసి వెళ్లిపోయాడు. ఆయన నివేదిక 1982లో బయటికి వచ్చింది. అప్పులిచ్చినవాళ్లకి డబ్బు తిరిగి వచ్చే ఆశ లేదని అందులో రాశాడు. ఇంత స్పష్టంగా రాసిన తర్వాత కూడా ఐఎంఎఫ్ అప్పులు ఇస్తూనే పోయింది. తెలియక ఇచ్చిందనడానికి వీల్లేదు. తెలిసే ఇచ్చింది. గ్బడోలిటే అనే అడవి ఊళ్లో మొబుటు పాలరాతి భవనాలు కట్టుకుని, కాంకార్డ్ విమానం దిగేంత రన్‌వే వేయించుకున్నాడు. రాజధాని కిన్షాసా జనం మాత్రం రాజ్యాంగంలో లేని '15వ అధికరణ' గురించి చెప్పుకునేవాళ్లు. ఆ అధికరణ సారాంశం: మీ తిప్పలు మీరు పడండి. 1997 మేలో మొబుటు పారిపోయాడు, ఆ సెప్టెంబర్‌లో మొరాకోలో చనిపోయాడు. ఆ అప్పులు మాత్రం దేశం మీద మిగిలాయి.

ఎరిత్రియా పుస్తకంలో మనకి నేరుగా తగిలే ఒక చోటు ఉంది. ఎరిత్రియా అప్పుడు ఇటలీ వలస. 1941లో అక్కడి కెరెన్ అనే కొండల ఊరి దగ్గర ఇటాలియన్లని ఓడించిన సైన్యంలో 4వ, 5వ భారతీయ డివిజన్లు ఉన్నాయి. మన కుర్రాళ్లు ఆ రాళ్ల మీద చనిపోయారు. గెలిచి లోపలికి నడుస్తున్న ఒక బ్రిటిష్ అధికారిని చూసి ఒక ఎరిత్రియా ముసలమ్మ సంతోషంతో కేకలు పెట్టిందట. నీ కోసం చేయలేదు అని అతను ఒక జాతి తిట్టు జోడించి అన్నాడట. పుస్తకానికి పేరు ఆ మాట నుంచే వచ్చింది: 'ఐ డిడింట్ డూ ఇట్ ఫర్ యూ'. తర్వాత ఐక్యరాజ్యసమితి ఎరిత్రియాని ఇథియోపియాతో ఫెడరేషన్‌గా కట్టింది. 1962లో చక్రవర్తి హైలే సెలాసీ దాన్ని పూర్తిగా కలిపేసుకుంటే ఎవరూ నోరెత్తలేదు. ఎరిత్రియా రాజధాని అస్మారాలో అమెరికాకి గూఢచర్య స్టేషన్ ఉంది, చక్రవర్తితో పని ఉంది. 30 ఏళ్లు పోరాడి 1991లో గెలిచారు, 1993లో స్వతంత్రులయ్యారు. గెలిపించిన ఇసయాస్ అఫ్‌వెర్కి 2001లో విమర్శించిన సొంత సహచరుల్ని, జర్నలిస్టుల్ని జైల్లో వేశాడు. ఈనాటికీ అక్కడ జాతీయ ఎన్నికలు లేవు.

ఇక రువాండా. 2014 జనవరి 1, జోహానెస్‌బర్గ్‌లోని మైకెలాంజెలో టవర్స్ హోటల్. ఒక గది తలుపుకి 'డు నాట్ డిస్టర్బ్' బోర్డు వేలాడుతోంది. చాలాసేపటి తర్వాత తలుపు తీశారు. లోపల మంచం మీద పాట్రిక్ కరెగేయ శవం. గొంతు నులిమి చంపారు. గదిలోని సేఫ్‌లో తాడు, రక్తం మరకలున్న టవల్ దొరికాయి. కరెగేయ ఒకప్పుడు రువాండా విదేశీ గూఢచార విభాగం అధిపతి, అధ్యక్షుడు పాల్ కగామేకి ఆప్తుడు. చెడిపోయాక జైలుకి వెళ్లారు, హోదా పోయింది, 2007లో దేశం వదిలారు, ప్రవాసంలో ప్రతిపక్షం పెట్టారు. పాత స్నేహితుడొకడు పిలిస్తే ఆ హోటల్‌కి వెళ్లారు. కొద్ది రోజులకే కగామే ఒక ప్రార్థనా సభలో, దేశానికి ద్రోహం చేసేవాళ్లు ఫలితం అనుభవిస్తారన్న అర్థంలో మాట్లాడారు. హత్యతో సంబంధం లేదని ఆయన ప్రభుత్వం చెబుతుంది. 2019లో దక్షిణాఫ్రికా అనుమానితుల మీద అరెస్టు వారెంట్లు జారీ చేసింది.

ఆ తలుపు మీది బోర్డునే రాంగ్ 2021 పుస్తకానికి పేరుగా పెట్టారు. కరెగేయ ఆమెకి పాత పరిచయం. 1990లలో రువాండా రాజధాని కిగాలీకి వచ్చే విలేకరులకి ఆయన సరదా మనిషి, తలుపు తెరిచే మనిషి. ఆయన చెప్పినవాటిలో అబద్ధాలున్నాయని, వాటిని తానూ తన తోటివాళ్లూ మోశారని ఆమె ఒప్పుకుంటారు.

ఎందుకు మోశారో అర్థం చేసుకోవాలంటే 1994కి వెళ్లాలి. రువాండాలో రెండు ప్రధాన వర్గాలు: ఎక్కువమంది హుటూలు, తక్కువమంది టుట్సీలు. ఏప్రిల్ 6న అధ్యక్షుడు హబ్యారిమానా విమానాన్ని కూల్చేశారు. మర్నాటి నుంచి వంద రోజుల్లో హుటూ తీవ్రవాద ప్రభుత్వం, దాని మిలీషియా కలిసి ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం ఎనిమిది లక్షల మందిని చంపారు. చనిపోయినవాళ్లలో అత్యధికులు టుట్సీలు. ఇది జాతిహననం, ఇందులో రెండో మాటకి తావులేదు. హత్యలు సాగుతుండగానే, ఏప్రిల్ 21న, భద్రతా మండలి అక్కడున్న తన దళాన్ని 270 మందికి తగ్గించాలని తీర్మానించింది. ఆ హత్యాకాండను ఆపింది కగామే నాయకత్వంలోని రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్. శవాలు నిండిన చర్చిల్లోంచి బయటికి వచ్చిన విలేకరికి క్రమశిక్షణ గల సైనికులు కనిపించారు, ఇంగ్లిష్‌లో చక్కగా వివరించే అధికారులు కనిపించారు. వాళ్లని అనుమానించడం అప్పుడు పాపంలా అనిపించింది. ఏమీ చేయలేదన్న సిగ్గు పెద్ద దేశాలకి, ఏమీ ఆపలేకపోయామన్న బాధ విలేకరులకి. రెండూ కలిసి కిగాలీ చెప్పిన కథకి గ్యారంటీ సంతకం పెట్టాయి.

ఆ కథలో లేనివి ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థకి పనిచేసిన రాబర్ట్ గెర్సోనీ అదే 1994లో, ఫ్రంట్ సైనికులు కూడా వేలమంది సామాన్యుల్ని చంపారని అంచనా వేశారు. ఆ నివేదికని తొక్కిపెట్టారు. 1996 నుంచి కాంగోలో రువాండా సైన్యం ఏం చేసిందో 2010లో ఐక్యరాజ్యసమితి మ్యాపింగ్ నివేదిక నమోదు చేసింది, కిగాలీ దాన్ని కొట్టిపారేసింది. పదవి కోల్పోయి విమర్శించిన మాజీ హోం మంత్రి సేత్ సెండషొంగా 1998లో నైరోబీలో హత్యకి గురయ్యారు. మాజీ సైన్యాధిపతి కయుంబా న్యామ్వాసా మీద 2010లో జోహానెస్‌బర్గ్‌లో కాల్పులు జరిగాయి, బతికారు. ఒక్కో సంఘటన ఒక్కో చిన్న వార్త. ఏజెన్సీ విలేకరికి అవి విడివిడిగానే వస్తాయి. వాటన్నిటినీ ఒకే తాడు మీద ఆరేసి చూడటానికి పుస్తకమంత చోటు, ఇరవై ఏళ్ల ఆలస్యం కావలసి వచ్చాయి.

కిగాలీ వైపు వాదన కూడా వినాలి. వీధులు శుభ్రం, ఆస్పత్రులు మెరుగయ్యాయి, పార్లమెంటులో మహిళలు 60 శాతం పైనే. ఇవి నిజాలే. దాతలు రువాండాని మోడల్‌గా చూపించేది వీటిని బట్టే. 2024 జూలైలో కగామే 99.18 శాతం ఓట్లతో గెలిచారు. అంతమందికి ఒకే అభిప్రాయం ఉండటం ఏ దేశంలోనైనా భయపెట్టే సంగతని నేను అనుకుంటాను. శరణార్థుల్ని రువాండాకి పంపాలన్న బ్రిటన్ పథకాన్ని 2023 నవంబర్‌లో ఆ దేశ సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పులో ఒక పాత సంగతి గుర్తుచేసింది: బ్రిటన్‌లో ఉంటున్న కొందరు రువాండన్లని చంపడానికి రువాండా ప్రభుత్వం పథకం వేసిందని 2011లో లండన్ పోలీసులే వాళ్లని హెచ్చరించారు. అది తెలిసిన దేశమే, పదకొండేళ్ల తర్వాత, ఆ ప్రభుత్వాన్ని నమ్మి శరణార్థుల్ని అప్పజెబుతానంది.

రాంగ్ పుస్తకం మీద విమర్శలు తక్కువేం కాదు. రువాండా ప్రభుత్వ సమర్థకులు ఆమెని మారణహోమాన్ని తక్కువ చేసే మనిషిగా చిత్రించారు. పుస్తకం జాతిహననాన్ని కాదనదు, కాబట్టి ఆ నింద నిలవదు. ఇంకో విమర్శ గట్టిది. ఆమెకి కథ చెప్పినవాళ్లు ఎక్కువమంది కగామేతో చెడి బయటికి వచ్చినవాళ్లు. వాళ్లు పదవిలో ఉన్నప్పుడు అదే యంత్రాన్ని నడిపినవాళ్లు. కరెగేయ చేతులు కూడా శుభ్రం కావు. ఆమె ఈ మాట ఒప్పుకుంటూనే రాశారు, అయినా పాఠకుడు జాగ్రత్తగానే చదవాలి.

అన్నిటికన్నా లోతైన అభ్యంతరం వేరే ఉంది: ఆఫ్రికా కథ ఎప్పుడూ లండన్ నుంచి వచ్చిన మనిషే ఎందుకు చెప్పాలి? కెన్యా రచయిత బిన్యవాంగ వైనైనా 2005లో, ఆఫ్రికా గురించి బయటివాళ్లు రాసే పద్ధతిని కడిగేస్తూ ఒక వ్యాసం రాశారు. అది ప్రతి విదేశీ విలేకరికీ తగిలేదే. రాంగ్ పుస్తకం నైరోబీలో షాపుల్లో లేకపోయినా లండన్‌లో అచ్చయింది. అదే పుస్తకం ఒక కెన్యా విలేకరి రాస్తే ముందు దావా, తర్వాత బెదిరింపు. ఆమెకి దొరికిన రక్షణ ఆమె పాస్‌పోర్టులో ఉంది. ఇలాంటి కాగితాలని బయటికి చేర్చే చిన్న ప్రభుత్వోద్యోగికి ఆ రక్షణ ఉండదు. అలాంటి మనిషికి ఏ ఫ్లాట్ తలుపూ తెరుచుకోదు.

ఆ ప్రామిసరీ నోట్ల సంగతి మిగిలింది. కెన్యా మొదటిసారి అంతర్జాతీయ మార్కెట్లో యూరోబాండ్, అంటే విదేశీ కరెన్సీలో అప్పు పత్రం, అమ్మాలనుకున్నప్పుడు, ఆంగ్లో లీజింగ్ తరహా కాంట్రాక్టుల పేరుతో రెండు కంపెనీలు విదేశీ కోర్టుల్లో గెలిచి అడ్డుగా నిలబడ్డాయి. దారి తీసుకోవడానికి ప్రభుత్వం 2014 మేలో 140 కోట్ల షిల్లింగ్‌లు కట్టింది. ఆ తర్వాత బాండ్లు అమ్ముడుపోయాయి. 2019లో నైరోబీ కోర్టు, అప్పటి మంత్రుల్లో ఒకరి పరువు తీశారని గిథోంగోనే 2.7 కోట్ల షిల్లింగ్‌లు కట్టమంది.

ఆ యూరోబాండ్‌లో పదేళ్ల వాయిదా తీరాల్సింది 2024 జూన్‌లో. అప్పుల భారంలో ఉన్న ప్రభుత్వం అదే నెలలో కొత్త పన్నుల బిల్లును పార్లమెంటులో ఓటుకి పెట్టింది. జూన్ 25న నైరోబీ కుర్రాళ్లు పార్లమెంటు ఆవరణలోకి దూసుకెళ్లారు. పోలీసులు కాల్చారు, పలువురు చనిపోయారు. మర్నాడు అధ్యక్షుడు రూటో బిల్లు వెనక్కి తీసుకున్నారు. ఆ కుర్రాళ్లలో చాలామంది ఆంగ్లో లీజింగ్ సంతకాలు జరిగేనాటికి పసిపిల్లలు, లేదా ఇంకా పుట్టనేలేదు. వాళ్లు వీధుల్లో ఇచ్చిన నినాదాల్లో ఒకటి: మాకు నాయకుడు లేడు, పార్టీ లేదు, తెగ లేదు.